ఒడ్డున మిగిలిన పేర్లు

"బీచ్‌లు మాత్రమే. మ్యూజియం వద్దు, గుడి వద్దు, నీ శాసనాలు అసలే వద్దు." నాలుగు రోజుల సెలవుకి మావాడు పెట్టిన షరతు ఇది. సరే అన్నాను. విశాఖ దాకా రాత్రి రైలు, అక్కణ్ణుంచి అద్దె కారు. ముందు భీమిలి చూసి, వెనక్కి తిరిగి, కత్తిపూడి దగ్గర 216 నెంబరు జాతీయ రహదారి ఎక్కి కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, బాపట్ల, చీరాల. మ్యాప్‌లో ఆ రోడ్డు సముద్రం అంచు పట్టుకుని కిందకి జారినట్టుంటుంది. ఫోటోలకి బావుంటుందని వాడి లెక్క.

షరతు నేను తప్పలేదన్నదే ఇప్పటికీ నా వాదన. తప్పు ఆ రోడ్డుది. మేం ఆగిన ప్రతి ఊరూ ఒకప్పుడు ఓడరేవు. ఇప్పుడు అక్కడ ఇసక, సరుగుడు తోటలు, ఒడ్డున నాలుగు పడవలు, వరసగా మొక్కజొన్న పొత్తుల బళ్ళు. "ఎంత ప్రశాంతంగా ఉందిరా" అని మావాడు నాలుగు రోజుల్లో నలభైసార్లు అని ఉంటాడు. ఆ ప్రశాంతత ఎక్కణ్ణుంచి వచ్చిందో రెండో రోజుకి గానీ నా బుర్రకి ఎక్కలేదు. ఓడలు రావడం మానేశాయి కాబట్టి ఆ నీళ్ళు అంత ఖాళీగా ఉన్నాయి. మనం అందం అంటున్నదాంట్లో సగం, ఒక ఊరి బతుకుతెరువు పోయాక మిగిలిన ఖాళీ.

* * *

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. పొద్దున్నే వెళ్తే వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు, పల్చటి ఎండ, వెనక కొండ మీద నరసింహస్వామి గుడి. ఇంకో కొండ పేరు పావురాళ్ళకొండ, దాని మీద బౌద్ధ విహారం శిథిలాలున్నాయి. ఆ జోలికి మేం పోలేదు. షరతు ఉంది కదా. కానీ బీచ్ నుంచి టీ కోసం నడుస్తుంటే మావాడే ఆగాడు. "ఇవేంట్రా, చిన్న చిన్న పిరమిడ్లు?"

డచ్ వాళ్ళ సమాధులు. సున్నం, ఇటుక, కొన్నిటి మీద రాతి పలకలు, వాటి మీద ఉప్పుగాలికి అరిగిపోయిన అక్షరాలు. 17వ శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ ఇక్కడ స్థావరం పెట్టింది. మన బడిపుస్తకాల్లో వాళ్ళు "సుగంధ ద్రవ్యాల కోసం" వచ్చారని ఒక్క వాక్యం ఉంటుంది. సుగంధ ద్రవ్యాలు తెలుగు తీరంలో ఎక్కడున్నాయని బళ్ళో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. అసలు సంగతి ఏమిటంటే, లవంగాలు, జాజికాయ పండే ఇండోనేషియా దీవుల్లో వాళ్ళకి కావలసింది యూరప్ సరుకు కాదు, కోరమాండల్ బట్ట. ఈ తీరంలో నేసి, అద్దిన బట్ట తీసుకెళ్ళి అక్కడ ఇస్తే లవంగాలు వచ్చేవి. అంటే ఆ మసాలా వ్యాపారానికి పెట్టుబడి డబ్బు కన్నా ఎక్కువగా మన నేతగాళ్ళ మగ్గాల మీద తయారైంది.

బట్టతో ఆగలేదు. 17వ శతాబ్దపు కరువుల్లో, తిండి లేక తమని తాము, పిల్లల్ని అమ్ముకున్న మనుషుల్ని కూడా డచ్ ఓడలు కోరమాండల్ తీరం నుంచి కొనుక్కుని బటావియాకీ, సింహళానికీ బానిసలుగా తరలించాయి. ఈ సంగతి చెప్పగానే మావాడు ఫోటోలు తీయడం ఆపి, "పొద్దున్నే మొదలెట్టావా" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను.

1824 ఒప్పందం ప్రకారం 1825లో భీమిలి ఇంగ్లిష్ వాళ్ళ చేతికొచ్చింది. ఊరు ఇంకా పెరిగింది. 1861లోనే మునిసిపాలిటీ అయింది. ఆ శతాబ్దంలో ఇక్కణ్ణుంచి వెళ్ళిన సరుకుల్లో ఒకటి గోగునార. గోంగూరకి దాయాది మొక్క. సంచులు కుట్టడానికి జనపనారకి బదులుగా వాడేవారు. ప్రపంచ మార్కెట్లో దాని పేరు "బిమ్లి". భీమునిపట్నం కాస్తా బిమ్లిపటం అయి, బిమ్లి జ్యూట్ అయింది. ఓడలు ఆగిపోయి దశాబ్దాలైనా నారల వ్యాపారంలో ఆ మాట ఉండిపోయింది. ఊరి పేరు ఒక సరుకుకి అంటుకుని, ఊరి కన్నా ఎక్కువ దూరం తిరిగింది.

* * *

భీమిలి నుంచి కాకినాడ దాకా కార్లో మా చర్చ ఇదే. రేవు ఎందుకు చచ్చిపోతుంది? మేమిద్దరం చదివింది ఇంజనీరింగే, ఇద్దరం చేసేది సాఫ్ట్‌వేరే. అయినా ఫెయిల్యూర్ అనేసరికి కారణం వెతకడం అలవాటు.

మన తీరానికి సహజమైన లోతు హార్బర్లు దాదాపు లేవు. ఓడ ఒడ్డుకి రాలేదు. దూరంగా లంగరు వేసుకుని నిలబడుతుంది. సరుకూ, మనుషులూ అలలు దాటి దాని దగ్గరికి వెళ్ళాలి. దానికి మసూలా పడవలుండేవి. పలకల్ని మేకులతో కాకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు మేకు ఊడుతుంది, కుట్టు సాగుతుంది. ఇంగ్లిష్ వాళ్ళు సొంత బోట్లు పక్కన పెట్టి వీటినే నమ్ముకున్నారంటే కారణం అదే. అంటే రేవు అంటే నిజానికి కట్టడం కాదు, ఆ పడవ నడిపే మనుషులు.

ఈ ఏర్పాటుకి రెండు శత్రువులు. ఒకటి ఇసక. ఏడాదిలో ఎక్కువ కాలం ఈ తీరం వెంబడి అలలు ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తూనే ఉంటాయి. దానికి తోడు గోదావరి, కృష్ణ తెచ్చి పోసే ఒండ్రు. నది నోరు పూడుతుంది, మారుతుంది. రెండోది ఓడే. ఆవిరి ఓడలు వచ్చాక వాటి సైజు పెరిగింది, కావలసిన లోతు పెరిగింది. ఆపైన రైలు. 1890ల్లో మద్రాసు, కలకత్తాల వైపు వేసిన తూర్పు తీరపు లైను చాలా పాత రేవుల్ని పక్కకి వదిలేసి లోపల నుంచి పోయింది. చివరి దెబ్బ 1933లో. విశాఖలో తవ్వి కట్టిన హార్బర్లోకి ఆ అక్టోబర్లో జలదుర్గ అనే ఓడ వచ్చింది. పక్కనే లోతైన రేవు, దానికి రైలు ఉండగా భీమిలి ముందు ఎవరు లంగరు వేస్తారు?

"సింపుల్‌గా చెప్పాలంటే సర్వర్ మైగ్రేట్ అయిపోయింది" అన్నాడు మావాడు. బాగానే ఉంది. కాకపోతే సర్వర్ మారితే డేటా కూడా వెళ్తుంది. ఇక్కడ మనుషులు వెళ్ళలేదు, చాలామంది అక్కడే ఉండిపోయారు.

* * *

కాకినాడ దాటి యానాం వైపు పోతుంటే దారిలో కోరంగి. ఇప్పుడు ఆ పేరంటే మడ అడవి. చెక్క వంతెన మీద నడుచుకుంటూ పోవచ్చు. రెండు పక్కలా బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, ఎర్ర పీతలు, కింద ఆటుపోట్లకి కదిలే నీళ్ళు. సెల్ఫీ తీసుకునేవాళ్ళతో వంతెన నిండిపోయింది. ఇక్కడ పెద్ద రేవు ఉండేదని, ఓడలు కట్టేవారని, మరమ్మతుకి దూరం నుంచి వచ్చేవని ఆ జనం మధ్య చెప్తే జోక్ అనుకుంటారు. పక్కన తాళ్ళరేవులో కొయ్య పడవలు కట్టే విద్య ఇప్పటికీ ఉంది, అదొక్కటే సాక్ష్యం.

1789 డిసెంబర్లో తుఫాను వచ్చి, మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి కోరంగిని ముంచేశాయి. దాని గురించి రాసినవాళ్ళలో హెన్రీ పిడింగ్టన్ ఒకడు. కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతం తుఫాన్ల మీద పేపర్ల మీద పేపర్లు రాసినవాడు. సుడి తిరిగే గాలికి, చుట్ట చుట్టుకున్న పాము అనే అర్థం వచ్చేలా గ్రీకు మాటలోంచి "సైక్లోన్" అనే పదం పుట్టించింది ఆయనే. వాతావరణ శాఖ వాళ్ళు ఇవాళ టీవీలో వాడే మాట వెనక మన తీరం శవాలున్నాయి. ఆ తర్వాత 1839 నవంబర్ 25న మరో ఉప్పెన. దాంతో కోరంగి మళ్ళీ లేవలేదు.

ఈ రెండోదానికి ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఒకే అంకె కనిపిస్తుంది. 3 లక్షల మంది చనిపోయారని. నేను రోజూ డేటాతో పనిచేసేవాణ్ణి, గుండ్రటి అంకె చూస్తే నాకు అనుమానం. ఆ రోజుల్లో ఆ నది మొగలో అంతమంది ఉండేవాళ్ళా? ఒక జాబితాలోంచి ఇంకో జాబితాలోకి కాపీ అవుతూ వచ్చిన అంకెలాగే ఉంది. కానీ అది 3 లక్షలు కాకపోతే ఎంత? ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టలేదు కాబట్టే ఏ అంకైనా చెల్లుతోంది.

ఇదే మాట వంతెన మీద నిలబడి అన్నాను. మావాడు రెయిలింగ్ పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ, "మా ముత్తాత రంగం వెళ్ళాడు, తెలుసా" అన్నాడు.

పదేళ్ళ స్నేహం మాది. ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు.

రంగం అంటే రంగూను. కోస్తాలో పాతతరం అలాగే అంటుంది. 19వ శతాబ్దం చివరి నుంచి 1930ల దాకా శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఊళ్ళకి ఊళ్ళే రంగం దారి పట్టాయి. మేస్త్రీ ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు ఇస్తాడు. దాంతో ఇంటి అప్పు తీరుతుంది, కొత్త అప్పు మొదలవుతుంది. కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కాలి. అక్కడ ధాన్యం మిల్లులు, రేవులో బస్తాల మోత, రిక్షా లాగడం. రంగూను రేవు కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళే. 1930 మేలో కూలి పెంచమని వాళ్ళు సమ్మె చేస్తే, వాళ్ళ చోట బర్మీయుల్ని పెట్టుకున్నారు. సమ్మె తీరాక బర్మీయుల్ని వెళ్ళిపొమ్మన్నారు. ఆ కోపం కంపెనీల మీదకి పోలేదు, పక్కనున్న కూలీ మీదకి పోయింది. రంగూను వీధుల్లో తెలుగువాళ్ళని వెంటపడి చంపారు.

అక్కడ తెలుగు కూలీకి ఉన్న పేరు "కోరంగీ". కోరంగి నుంచి వచ్చినవాడని. మారిషస్‌లోనూ తెలుగువాళ్ళని అలాగే పిలిచేవారు. 19వ శతాబ్దంలో కొరింగా ప్యాకెట్ అనే ఓడ మన కూలీల్ని అక్కడికి మోసింది. రంగం వలస ముమ్మరంగా సాగే నాటికి కోరంగి రేవే లేదు. శ్రీకాకుళం నుంచి వెళ్ళినవాడూ కోరంగీయే, విశాఖ నుంచి వెళ్ళినవాడూ కోరంగీయే. చచ్చిపోయిన ఊరి పేరు బతికున్న మనిషి మీద ముద్రలా పడింది, అదీ చాలాసార్లు తిట్టులాగా.

"ఆయన పేరేంటి?" అని అడిగాను.

"తెలీదురా. అందరూ రంగం తాత అనేవారంట. 42లో బాంబులు పడ్డాక నడిచొచ్చాడని, తమ్ముడు దార్లో పోయాడని మామ్మ చెప్పేది. అంతే."

1941 డిసెంబర్లో జపాన్ విమానాలు రంగూను మీద బాంబులేశాక లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. టిక్కెట్టు కొనగలిగినవాళ్ళు ఓడల్లో వచ్చారు. కూలీలు అడవులూ కొండలూ దాటి నడిచారు. దార్లో ఆకలికీ, కలరాకీ, మలేరియాకీ పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. మళ్ళీ వేలల్లో. మళ్ళీ గుండ్రటి అంకె.

అక్కణ్ణుంచే మామ్మకి ఫోన్ చేశాడు. స్పీకర్లో పెట్టాడు, ఆవిడకి చెముడు. "మామ్మా, రంగం తాత అసలు పేరేంటి?" రెండుసార్లు అరవాల్సి వచ్చింది. ఆవిడ నవ్వింది. "మావగారి పేరు నోటితో అంటార్రా ఎక్కడన్నా? మీ నాన్నుంటే చెప్పేవాడు." వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళయింది. ఎనభై దాటిన మనిషి, పెళ్ళై వచ్చిన నాటి మర్యాద ఇంకా తప్పలేదు. అటు రంగూనులో ఒక ఊరి పేరు ఆయన పేరుని మింగేసింది. ఇటు ఇంట్లో గౌరవం మింగేసింది.

* * *

యానాంలో మధ్యాహ్నం భోజనానికి ఆగాం. గోదావరి ఒడ్డున చక్కటి షికారు బాట ఉంది, మావాడి మూడ్ కాస్త కుదుటపడింది. ఫ్రెంచి వాళ్ళు 18వ శతాబ్దం మొదట్లో వచ్చి, మధ్యమధ్య పోగొట్టుకుని, 1954 దాకా ఉన్నారు. చుట్టూ బ్రిటిష్ ఇండియా, మధ్యలో చిటికెడు ఫ్రాన్సు. దీనివల్ల జరిగిన ఒక విచిత్రం చెప్పి ముందుకెళ్తాను. బాల్యవివాహాల్ని ఆపడానికి తెచ్చిన శారదా చట్టం 1930లో బ్రిటిష్ ఇండియాలో అమల్లోకొచ్చింది. యానాంలో అది చెల్లదు. అందుకని చుట్టుపక్కల జిల్లాల నుంచి పెద్దమనుషులు చిన్నపిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేశారు. సరుకు రేవు పోయాక యానాం చట్టం నుంచి తప్పించుకునే రేవు అయిందన్నమాట. ఆ పెళ్ళిళ్ళలో కూర్చున్న పిల్లల వైపు నుంచి ఆ రోజులు రాసిన కథలు చదవాలని నాకుంది. ఎవరన్నా రాశారేమో వెతుకుతున్నాను.

* * *

మూడో రోజు బందరు. పారసీలో బందరు అంటేనే రేవు. "మాది బందరు" అనేవాడు "మాది రేవు" అంటున్నాడు. ఇప్పుడు ఆ మాట వినగానే మనకి గుర్తొచ్చేది లడ్డూ, హల్వా. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది దక్కను మొత్తానికి సముద్ర ద్వారం. పెగూ, అచే, పర్షియా ఓడలు ఇక్కడికొచ్చేవి. డచ్ వాళ్ళు 1606లో స్థావరం పెట్టారు. ఇంగ్లిష్ వాళ్ళు 1611లో గ్లోబ్ అనే ఓడలో దిగారు. అప్పటికి మద్రాసు అనే నగరం లేదు, కలకత్తా లేదు.

ఇక్కడా డచ్ సమాధులున్నాయి, భీమిలికన్నా గొప్పగా. చెక్కిన వంశ చిహ్నాలు, పేరు, హోదా, పుట్టిన రోజు, పోయిన రోజు. ఊళ్ళో సెయింట్ మేరీస్ చర్చి కథ అందరికీ తెలుసు. అరబెల్లా రాబిన్సన్ అనే అమ్మాయి 1809లో చనిపోతే, ఆమెని ప్రేమించిన జాన్ పేటర్ అనే సైనికాధికారి ఆమె శవాన్ని పాతిపెట్టించకుండా కాపాడి, చివరికి ఆమె కోసమే ఈ చర్చి కట్టించాడంటారు. ఆటో అబ్బాయి ఈ కథ చెప్తూ భావుకుడైపోయాడు.

అదే ఆటో అబ్బాయిని 1864 గురించి అడిగాను. తెలీదన్నాడు. 1864 నవంబర్ 1 రాత్రి తుఫానుతో పాటు ఉప్పెన బందరు మీదకొచ్చింది. పోయినవాళ్ళు 30 వేల మంది అని లెక్క. మద్రాసు చేతిలో అప్పటికే వెనకబడిపోయిన రేవు ఆ రాత్రితో ఇంచుమించు అయిపోయింది. ఆ 30 వేల మందికి ఒక్క పలక ఎక్కడుందో నాకు కనిపించలేదు. అంత జరిగిన ఊళ్ళో, నూట అరవై ఏళ్ళ తర్వాత, ఒక కుర్రాడికి అరబెల్లా తెలుసు. తన ఊరివాళ్ళు తెలీదు. అతన్ని తప్పుపట్టడం లేదు. సమాధి ఉన్నచోట కథ నిలబడుతుంది. కాష్ఠం మీద, వరదలో కథకి నిలబడే చోటుండదు.

ఆ సాయంత్రం మంగినపూడి బీచ్‌లో మాకు నిజంగానే గొడవైంది.

"అయితే ఏం చెయ్యమంటావ్? డచ్చోళ్ళ సమాధులు పగలగొట్టాలా?"

"అలా ఎవరన్నారు?"

"నీ మాట తీరు అలాగే ఉంది. వాళ్ళూ ఇరవై పాతికేళ్ళకే జ్వరాలొచ్చి పోయారు. ఇంటికి పోలేదు. మా ముత్తాత తమ్ముడు కూడా ఇంటికి రాలేదు. ఆడికి బర్మాలో ఎవడన్నా ఒక రాయి పెట్టుంటే నాకు సంతోషంగానే ఉండేది."

దీనికి నా దగ్గర సమాధానం లేదు. నేను రెండు రోజులుగా రాయి ఉన్నవాళ్ళ మీద కోపం పెంచుకుంటున్నాను. వాడు రాయి లేనివాళ్ళ గురించి ఆలోచిస్తున్నాడు. రెండూ ఒకటి కావు. చరిత్ర చదివే మాలాంటివాళ్ళకి కోపం సులువుగా దొరుకుతుంది. వెతుకులాట కష్టం.

చీకటిపడ్డాక దక్షిణంగా దివిసీమ వైపు చూస్తూ కూర్చున్నాం. 1977 నవంబర్ 19న ఉప్పెన అక్కడ సొర్లగొంది లాంటి ఊళ్ళని తుడిచేసింది. 10 వేల మంది అంటారు. ఇది మన నాన్నలు పేపర్లో చదివిన సంగతి. 1864కీ 1977కీ మధ్య రైళ్ళొచ్చాయి, రేడియో వచ్చింది, స్వాతంత్ర్యం వచ్చింది. చివర్లో మూడో నాలుగో సున్నాలు పెట్టి ఊరుకునే అలవాటు మాత్రం మారలేదు. ఇప్పుడు మంగినపూడి దగ్గర కొత్త రేవు పనులు జరుగుతున్నాయి. బందరు మళ్ళీ బందరు అవుతుందేమో. అయితే మంచిదే. ఆ పక్కన 1864కి ఒక రాయి పెడితే ఇంకా మంచిది.

* * *

చివరి రోజు చీరాల దగ్గర వాడరేవు బీచ్. పాత తెలుగులో వాడ అంటే ఓడ అని చెప్తే, "ఓడరేవు అన్నమాట, అది నేనూ కనిపెట్టగలను" అన్నాడు. గొడవ అయిపోయిందని అర్థమైంది. అక్కణ్ణుంచి మోటుపల్లి దగ్గరే. అడక్కుండానే కారు అటు తిప్పాడు.

మోటుపల్లి ఇప్పుడు చిన్న పల్లెటూరు. కాకతీయుల ప్రధాన రేవు ఇది. మార్కోపోలో "ముత్ఫిలి" అని రాసింది దీన్నే. వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి, న్యాయంగా ఏలే రాణి గురించి చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తుపట్టారు. ఆయన ఆమెని పోయిన రాజుగారి భార్య అనుకున్నాడు, నిజానికి కూతురు.

వీరభద్రస్వామి గుడి దగ్గర స్తంభం మీద గణపతిదేవుడి శాసనం ఉంది. 1244 నాటిది. అభయశాసనం అంటారు. దాని సారాంశం ఇది. పూర్వపు రాజులు, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ తుఫానుకి చిక్కి ఈ ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా బలవంతంగా లాక్కునేవారు. మేం అలా చెయ్యం. ప్రాణాలకి తెగించి సముద్రం మీద వ్యాపారం చేసేవాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, న్యాయమైన సుంకం తప్ప అన్నీ వదిలేస్తున్నాం. సుంకం ముప్పయ్యో వంతు. తర్వాత గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు ఇలా సరుకుల వివరాలు.

మన చరిత్ర పుస్తకాలు దీన్ని వాణిజ్య విధానంగా చెప్తాయి. నిజమే, ఓడలు రావాలంటే దోపిడీ ఆగాలి. వ్యాపారుల నమ్మకం కోసం చేసిన పని. సాహిత్యంలోనూ సముద్రం మనకి ఆ వైపు నుంచే కనిపిస్తుంది. శ్రీనాథుడి హరవిలాసం అంకితం తీసుకున్న అవచి తిప్పయసెట్టి కొండవీటి కుమారగిరి రెడ్డికి సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన వర్తకుడు. సింహళం ఏనుగులు, హొర్ముజ్ గుర్రాలు, చీనా పట్టు అంటూ ఆయన ఓడల్లో వచ్చిన సరుకులన్నీ కవి వరసగా చెప్తాడు. ఓడలో ఏముందో మనకి తెలుసు. ఓడలో ఎవరున్నారో, ఒడ్డు నుంచి దాని దగ్గరికి పడవ తోసిందెవరో కవిగారు చెప్పలేదు, శాసనం చెప్పలేదు.

అయినా ఆ స్తంభం ముందు నిలబడితే నాకు వాణిజ్య విధానం గుర్తు రాలేదు. తుఫానులో చిక్కినవాడి దగ్గర లాక్కోకూడదు అనే ఒక్క మాట రాయి మీద చెక్కించడానికి ఒక రాజు కావలసి వచ్చింది. దాని తర్వాత ఏడు వందల ఏళ్ళకి రంగం పోయినవాడి చేతిలో అలాంటి అభయం ఒకటి కూడా లేదు. మావాడు కూడా అదే అనుకున్నాడేమో, చాలాసేపు ఆ అక్షరాల మీద వేలు ఆనించీ ఆనించకుండా పెట్టి నిలబడ్డాడు. ఫోటో మాత్రం తీయలేదు.

* * *

హైదరాబాద్ వచ్చిన రెండు వారాలకి రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. వాళ్ళ బాబాయి చేత ఊళ్ళో ట్రంకుపెట్టె వెతికించాడట. 1937 నాటి దస్తావేజు. రంగం డబ్బుతో కొన్న అరెకరం భూమిది. పసుపురంగుకి తిరిగిన కాగితం, మడతల దగ్గర చిరిగిపోయింది. కింద ఎడమ పక్కన వేలిముద్ర, సిరా కాస్త పాకింది. దాని చుట్టూ దస్తూరి రాసినాయన గొలుసుకట్టు అక్షరాలతో తండ్రి పేరు, ఇంటిపేరు, ఆయన పేరు, ఆ తర్వాత "నిశానీ" అని రాశాడు.

ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్ళింటిది. ఫోటో కింద మావాడు ఒక్క లైను పెట్టాడు: "తమ్ముడి పేరు కూడా సాక్షుల్లో ఉంది రా. రెండో వేలిముద్ర ఆయనదే."